ఉస్తాద్ పక్కన నిలబడే మూడు నెలలు

మన కుర్రవాళ్లకు బతుకుదెరువు చూపాలనుకున్న దాతలు సాధారణంగా రెండు విధాలుగా సాయం చేస్తారు. పనిముట్లు కొనిస్తారు, లేదంటే కోర్సుకు ఫీజు కడతారు. రెండూ మంచి పనులే. కానీ ఆ రెంటికీ నడుమ ఒక ఖాళీ ఉంది. పని తెలిసిన మనిషి పక్కన నిలబడి, చూసి, చెయ్యి కలిపి నేర్చుకునే కాలానికి డబ్బు ఇచ్చేవారు అరుదు. ఆ కాలం విలువ ఏమిటో మా ప్రాంతానికి కొత్తగా వచ్చిన ఒక పనిని తీసుకుని వివరిస్తాము. అది సోలార్ పలకలు శుభ్రం చేసే పని.

ఎండ ఉంది, దుమ్మూ ఉంది

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ రైతును ఏడిపించే ఎండే కరెంటుకు పెట్టుబడి అయింది. ఎన్.పి.కుంటలో (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) ఎన్టీపీసీ వారి 250 మెగావాట్ల సోలార్ కేంద్రం 2016లో నడక మొదలుపెట్టింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇప్పుడు మిద్దెల మీదికీ పలకలు ఎక్కుతున్నాయి.

పలక మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. దుక్కులు దున్నే రోజుల్లో, ఆషాఢపు గాలికి, ఎర్రదుమ్ము పొరలా పరుచుకుంటుంది. పావురం రెట్ట ఒక్కచోట ఎండిపోయినా చాలు, దాని నీడ పడిన గడి వేడెక్కి పాడవుతుంది. అందుకే ఈ పలకలను తరచూ శుభ్రం చేయక తప్పదు.

చెబితే తెలియదు, చూస్తే తెలుస్తుంది

తుడవడమే కదా, ఇందులో నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. చాలా ఉంది. మిట్టమధ్యాహ్నం కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పడితే గాజు పగలవచ్చు. అందుకే ఈ పని తెల్లవారుజామునో, పొద్దు వాలాకో చేస్తారు. గిన్నెలు తోమే పొడి, గరుకు పీచు వాడితే గాజు మీద గీతలు పడతాయి. మన బోరు నీళ్లు ఉప్పనివి. తడి అలాగే ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, కనుక రబ్బరు వైపరుతో వెంటనే పైనుంచి కిందికి లాగేయాలి. కింది అంచున, చట్రం దగ్గర, దుమ్ము బురదై నిలుస్తుంది. కొత్తవాడు దాన్నే వదిలేస్తాడు. పలక మీద కాలు పెట్టకూడదు. బ్రష్షును ఎంత గట్టిగా నొక్కాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఉస్తాద్ మణికట్టు చూసి షాగిర్ద్ తెలుసుకోవలసిందే.

నీటి సంగతి ఇంకా పెద్దది. ఒక్కో పలక 300 వాట్లదనుకుంటే 250 మెగావాట్లకు 8 లక్షల పైచిలుకు పలకలు కావాలి. ఒక్కోదానికి రెండు లీటర్లు పోసినా ఒక్కసారి కడగడానికి 16 లక్షల లీటర్లు! బిందె నీళ్లకు బారులు తీరిన ఊళ్లు మనవి. పెద్ద పార్కుల్లో నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వస్తున్నది ఇందుకే. కాబట్టి మన పిల్లలకు పని దొరికేది పార్కుల్లో కంటే మిద్దెల మీదే ఎక్కువ అని మా అభిప్రాయం. వుజూ చేసేటప్పుడు నీళ్లు వృథా చేయకూడదని చిన్ననాడే విన్న పిల్లలకు తక్కువ నీళ్లతో పని ముగించే ఒడుపు త్వరగానే పట్టుబడుతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

బీఈడీ చదివిన మాకు ఈ పద్ధతి కొత్త కాదు. సుద్దముక్క చేతికివ్వక ముందు అనుభవమున్న ఉపాధ్యాయుని తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చోబెట్టి పాఠాలు గమనించమన్నారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ 1970లలో ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్లను పరిశీలించారు. వాళ్లకు ముందు గుండీలు, అంచులు కుట్టడం నేర్పుతారు. మిషన్ కుట్టు తర్వాత, కత్తెర చివర. గుండీ తప్పుపోతే విప్పి మళ్లీ కుట్టవచ్చు, గుడ్డ తప్పు కోస్తే నష్టమే.

మన పనికీ అదే క్రమం సరిపోతుంది. మొదట నీళ్లు అందించడం, తడి లాగేయడం. తర్వాత కింది వరుసల మీద బ్రష్షు. ఆ పైన ఎత్తు మిద్దెలు. పగిలిన పలకను, ఊడిన వైరును గుర్తించడం, పని మొదలుపెట్టక ముందు స్విచ్‌లు ఆపడం చివరి మెట్టు.

చూసి నేర్చుకోవడానికి ఒక హద్దు

ఉస్తాద్ చేతిలోని మంచితో పాటు చెడ్డ అలవాటు కూడా షాగిర్ద్‌కు అబ్బుతుంది. ఆయన బెల్టు కట్టుకోకుండా మిద్దె అంచుకు వెళితే వీడూ అలాగే వెళతాడు. పైగా కరెంటు కంటికి కనిపించదు. స్విచ్ ఆపినా ఎండ తగులుతున్నంతసేపు పలకలో, దాని వైర్లలో కరెంటు ఉంటుంది. ఈ సంగతి చూపుతో రాదు, కూర్చోబెట్టి చెప్పాలి. అందుకే ఉస్తాద్ దగ్గరికి పంపే ముందు రెండు రోజులు ఎలక్ట్రీషియన్ చేత భద్రతా పాఠాలు చెప్పించడం అవసరం. పద్దెనిమిదేళ్లు నిండనివారిని పంపకూడదు.

దాతలకు మా విన్నపం

కేంద్రం వారి సూర్యమిత్ర శిక్షణకు ఐటీఐ వంటి చదువు కావాలి. పదో తరగతి దగ్గర ఆగిపోయిన మన కుర్రవాడికి ఉస్తాదే బడి. కానీ ఆ మూడు నెలలు కూలి మానుకుంటే వాడి ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. పనిముట్లు ఇచ్చినా వాడు రాలేకపోవడానికి కారణం ఇదే, బద్ధకం కాదు.

కనుక మేము కోరేది నాలుగు. నేర్చుకునేవాడికి సగం కూలి, నేర్పే ఉస్తాద్‌కు గౌరవ వేతనం, నడుముకు మంచి బెల్టు, ప్రమాద బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, రెండు లక్షల రక్షణ ఉంటుంది. బ్రష్షు, వైపరు చివర ఇద్దాం, పని వచ్చిన చేతికి.