వృద్ధుల దేహములో కండ యెంత?

త్రాసు మనిషి బరువును చెప్పగలదు గాని, ఆ బరువులో కండ యెంతయో, క్రొవ్వు ఎంతయో చెప్పజాలదు. వార్ధక్యములో కండ క్రమముగా కరగి, క్రొవ్వు చేరుచుండును. అందుచే 20 ఏండ్లుగా బరువు మారని వృద్ధుడు సైతము చేతి ఊత లేనిదే పీట మీదనుండి లేవలేకపోవచ్చును. కండ క్షీణించిన కొలది పడిపోవుట, ఎముకలు విరుగుట అధికమగును. ఈ క్షీణతకు 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అను అమెరికా వైద్యుడు ‘సార్కోపీనియా’ అని పేరిడెను.

కండను అంచనా వేయుటకు సులభమైన విద్యుత్ పద్ధతి యొకటి కలదు. మనిషిని వెల్లకిల పరుండబెట్టి, ఒక చేతికి రెండు, అదే వైపు పాదమునకు రెండు ఎలక్ట్రోడులు అంటింతురు. వెలుపలి రెంటి ద్వారా సెకనుకు 50,000 ఆవర్తములు గల ఏకాంతర విద్యుత్తును పంపుదురు. అది ఒక మిల్లీఆంపియరుకు లోపుగానే యుండుటచే మనిషికి తెలియనే తెలియదు. లోపలి రెండును వోల్టేజిని కొలుచును. దానినుండి దేహపు నిరోధము తేలును.

కండలో నీరు, లవణములు విస్తారముగా ఉండుటచే విద్యుత్తు సులభముగా పారును. క్రొవ్వులో నీరు స్వల్పము గనుక అది అడ్డగించును. పొడవైన ఇరుకు కాలువలో నీటికి అడ్డు హెచ్చు, పొట్టిదైన వెడల్పు కాలువలో తక్కువ గదా! విద్యుత్తు సంగతియు అట్టిదే. కావున ఎత్తు యొక్క వర్గమును నిరోధముచే భాగించినచో దేహములోని నీటికి సూచిక దొరకును. ఎత్తు 160 సెంటీమీటర్లు, నిరోధము 500 ఓములు అయినచో సూచిక 51.2. దీనికి వయస్సు, బరువు, స్త్రీపురుష భేదము జోడించి, సమీకరణము ద్వారా కండను లెక్కింతురు.

అనగా యంత్రము కొలుచునది నిరోధమును మాత్రమే; కండ అన్నది లెక్కలో తేలిన అంచనా. వృద్ధుల విషయమున చిక్కు ఇచ్చటనే కలదు. కాళ్ళకు నీరు పట్టి నిరోధము 480 ఓములకు తగ్గినచో, సూచిక 53.3 అగును. కండ పెరగకున్నను పెరిగినట్లు కనబడును. వెన్ను వంగి ఎత్తు 156 సెంటీమీటర్లకు దిగినచో, చేతులు, కాళ్ళ పొడవు మారకున్నను సూచిక 48.7కు పడిపోవును. యువకులను పరీక్షించి కట్టిన సమీకరణము వృద్ధులకు సరిపడకపోవచ్చును.

కావున ప్రతిసారి ఒకే యంత్రముతో, ఒకే వేళకు, భోజనమునకు ముందు, మూత్రవిసర్జన చేసి కొంతసేపు పరుండిన పిమ్మట కొలువవలెను. గుండెలో పేస్‌మేకరు అమర్చిన వారికి ఈ పరీక్ష సాధారణముగా చేయరు. కండతోపాటు బలమును కూడ చూడవలెను. 2019లో ఆసియా నిపుణుల బృందము నిర్ణయించిన ప్రకారము, పిడికిలి పట్టు పురుషులలో 28 కిలోలకు, స్త్రీలలో 18 కిలోలకు తగ్గినచో అది బలహీనత.

ఇంత శ్రమ యెందుకన, పోయిన బలమును కొంతవరకు తిరిగి పొందవచ్చును గనుక. 1990లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, తొంబది యేండ్ల ప్రాయపు వృద్ధులు ఎనిమిది వారములు కాళ్ళతో బరువులెత్తు వ్యాయామము చేసి గణనీయముగా బలము పుంజుకొనిరి. తగిన మాంసకృత్తులు గల ఆహారము, వైద్యుని సలహాపై వ్యాయామము – ఇవియే మార్గములు. క్షీణతను ఎంత ముందుగా గుర్తించిన అంత మేలు.