వేడి మోసిన మంచురాయి

2010 జులై 23న అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, పశువుల మేత మైదానాల మధ్య ఉన్న వివియన్ అనే చిన్న ఊరి మీద రాళ్లవాన కురిసింది. పడినవాటిలో ఒకదాన్ని ఒకాయన ఏరి ఫ్రీజర్‌లో దాచాడు. అదే గాలివానకు కరెంటు పోయింది. అధికారులు కొలిచేసరికే రాయి కొంత కరిగింది. అయినా అడ్డంగా 20 సెంటీమీటర్లుంది, సుమారు 880 గ్రాములు తూగింది!

నడివేసవిలో అంత మంచుగడ్డను ఆకాశం మోసిందంటే ఆ చలవ ఎండదే. నేల దగ్గరి తేమగాలి వేడెక్కి పైకి లేస్తుంది. అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారుతూ వదిలే వేడి దాన్ని ఇంకా పైకి తోస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగం, దిశ బాగా మారుతుంటే ఇలా పైకెగసే ఎగువగాలి సుడి తిరుగుతుంది. అదే సూపర్‌సెల్. మామూలు ఉరుముల మేఘంలో కురిసే వానే ఎగువగాలిని అణచేస్తుంది. ఇక్కడ వాన పక్కకు పడుతుంది కాబట్టి మేఘం గంటల తరబడి బతుకుతుంది.

పైన, సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీటిబొట్లుంటాయి. మంచుపలుకు తగిలితే చాలు, దాన్ని అంటుకుని గడ్డకడతాయి. వడగల్లును కోస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి. అది పైకీ కిందికీ పలుమార్లు తిరిగిందనడానికి ఈ పొరలే గుర్తని చాలామంది చదువుకున్నాం. నిజానికి అన్ని తిరుగుళ్లు అక్కర్లేదు. నీరు తక్కువున్న చోట బొట్లు తగలగానే గట్టిపడి గాలిబుడగలు లోపలే చిక్కుతాయి, పొర తెల్లబడుతుంది. నీరు దండిగా ఉన్నచోట మెల్లగా గట్టిపడి తేటగా ఉంటుంది. ఎగువగాలిని ఒక్కసారి దాటే దారిలోనే ఇదంతా జరగొచ్చు. నీరున్న చోట రాయి ఎంతసేపు నిలిచిందన్నదే అసలు సంగతి. వివియన్ రాయంతటిది గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతుంది. దాన్ని నిలబెట్టిన గాలికీ అంత ఊపు ఉండాలి మరి.

బరువులో ప్రపంచ రికార్డు మాత్రం మన ఉపఖండానిదే. 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో 1.02 కిలోల రాయి పడింది. ఆ వానకు 92 మంది చనిపోయారు. మన దగ్గరా మామిడి పిందె మీద, వరి కోతకొచ్చే వేళ పడేది ఈ జాతి వానే: కింద బంగాళాఖాతం తేమ, పైన పొడి చల్లగాలి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లబడింది అలాగే. నైరుతి రుతుపవనాలు వచ్చాక తేమకు కొదవ లేకున్నా, పైనా కిందా ఉష్ణోగ్రతల తేడా తగ్గుతుంది. ఎగువగాలికి మునుపటి జోరుండదు. గడ్డకట్టే ఎత్తు 5 కిలోమీటర్లు దాటుతుంది. చిన్న వడగళ్లు తయారైనా దారిలోనే కరిగి, పొలానికి చేరేది వానే.