ఎలుకల వేట: పిల్లికూనకు తల్లి దగ్గరే చదువు

నర్సంపేట: మక్కలు, వడ్లు ఇల్లు చేరితే చాలు, వాటి వెనకే ఎలుకలూ చేరతాయి. బస్తాలకు చిల్లులు పడ్డాక ఎవరింటి నుంచో పిల్లికూనను తెచ్చి వదలడం పల్లెల్లో మామూలే. తీరా అది పెరిగి పొయ్యి పక్కన నిద్రపోతుంటే, పాలకు మరిగి ఎలుక వంక చూడడం లేదని విసుక్కుంటారు. చాలాసార్లు పొరపాటు కూనను మరీ పసితనంలో తేవడంలోనే ఉంటుంది.

కూనలకు నాలుగైదు వారాలు రాగానే తల్లిపిల్లి చచ్చిన ఎలుకను తెచ్చి వాటి ముందు పడేస్తుంది. కొన్నాళ్లకు బ్రతికున్నదాన్నే తెచ్చి వదులుతుంది. అది పారిపోబోతే మళ్లీ పట్టి తెస్తుంది. పిల్లికి చెలగాటమని మనం అనుకునే దాంట్లో సగం బడిపాఠమే! రెండు నెలలు నిండకముందే కూనను విడదీస్తే ఈ చదువు మధ్యలో ఆగినట్టే.

చైనా శాస్త్రవేత్త జింగ్ యాంగ్ కువో 1930లో దీనిపై తన పరిశోధనను ప్రకటించారు. ఎలుకలను చంపే తల్లిని చూస్తూ పెరిగిన 21 కూనల్లో 18 తామూ చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 మాత్రమే చంపాయి. ఎలుకతో కలిసి పెరిగిన 18లో చంపినవి మూడే. కనుక కూన రంగు చూసే ముందు, దాని తల్లి ఎలుకలు పడుతుందా అని అడగడం మేలు.

ఇప్పటికే తెచ్చుకున్నవారు గుడ్డపేలికను దారానికి కట్టి నేలమీద ఈడుస్తూ కూనను ఆడించాలి. బోనులో పడి చచ్చిన చిట్టెలుకను దాని ముందు వేయాలి. రాత్రిళ్లు గింజలున్న గదిలో ఉంచాలి. పస్తు పెడితే బాగా పడుతుందన్నది అపోహ. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. మాడ్చిన పిల్లి పొరుగింటి పాలగిన్నె వెతుక్కుంటుంది.

పందికొక్కుల విషయంలో మాత్రం పిల్లిని నమ్ముకోరాదు. పెద్దది కిలో దాకా తూగుతుంది, తిరగబడి కరుస్తుంది. న్యూయార్కులో పెద్ద ఎలుకలున్న ఒకచోట 79 రోజులపాటు కెమెరాలతో గమనిస్తే, అక్కడి పిల్లులు చంపినవి రెండేనని 2018లో వెల్లడైంది.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు ఎలుకల మందు. జింక్ ఫాస్ఫైడ్ తిని చచ్చిన ఎలుక పొట్టలో మందు మిగిలి ఉంటుంది. ఆ ఎలుకను తిన్న పిల్లి ప్రాణానికే ప్రమాదం, ఈ మందుకు విరుగుడు లేదు. బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతూ పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఆ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. పిల్లి చిగుళ్లలోగాని, మూత్రంలోగాని నెత్తురు కనిపిస్తే వెంటనే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. దీనికి విటమిన్ కె-1 విరుగుడుగా పనిచేస్తుంది.

పిల్లి ఉన్న ఇంట్లో మందు మాని బోను పెట్టుకోవాలి. పొలంలో మందు తప్పనిసరైతే బొరియల లోపలే పెట్టి, చచ్చిన ఎలుకలను ఏరోజుకారోజు ఏరి లోతుగా పూడ్చాలి. మందు పెట్టే సంగతి ఇరుగుపొరుగుకు ముందే చెప్పాలి. పిల్లికి ఇంటి సరిహద్దులు తెలియవు కదా.