ఈద్ బిస్కెట్లకు వంటింటి రంగులు

ఈ సంవత్సరాలలో ఈదుల్ ఫిత్ర్ వసంతంలో వస్తున్నది. పిల్లల కోసం రంగురంగుల బిస్కెట్లు చేసేవారు ముందుగా రంగు సీసాపై ఉన్న సంఖ్యను చూడాలి. 120 అని ఉంటే అది కార్మైన్, అంటే కోచినీల్ పురుగుల నుండి తీసే ఎరుపు. హలాలో కాదో సందేహమున్న దానిని వదిలివేయడమే మనకు మేలు. అందుకే మేము వంటింటి రంగులనే సూచిస్తున్నాము.

మైదా 300 గ్రాములు, వెన్న 200, చక్కెర పొడి 100 కలిపి ముద్ద చేసి, అర సెంటీమీటరు మందాన ఒత్తి, 170 డిగ్రీల వేడిలో సుమారు 15 నిమిషాలు కాల్చాలి. పచ్చని రంగుకు పిండిలో చిటికెడు పసుపు చాలు. వంటసోడా వేయరాదు, దానితో పసుపు ఎర్రబడుతుంది. బీట్‌రూట్ రంగు వేడికి వెలిసిపోతుంది కనుక దాని రసాన్ని చక్కెర పొడిలో కలిపి, చల్లారిన బిస్కెట్లపై పూయాలి.

వీటిలో గుడ్డు కూడా లేదు. శాకాహారులైన పొరుగువారికీ నిస్సంకోచంగా పంపవచ్చు.