డిశ్చార్జి అయ్యాక అసలు వైద్యం

మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్సో, సాయమో అందుతోందని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే చెప్పింది. ఆ ఒక్కరి గతి కూడా అంతంతమాత్రమే. తాగుడు ఆపగానే మొదలయ్యే వణుకు, చెమటలు, నిద్రలేమి చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుముఖం పడతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి చలిస్తుంది, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ఆ రోజులు డాక్టరు కనుసన్నల్లోనే గడవాలి. తర్వాత మనిషి ఇంటికొస్తాడు. శనివారం కూలి డబ్బులు చేతిలో పడతాయి, దారిలో బెల్టు షాపు ఉంటుంది, పాత జట్టు ‘ఒక్క పెగ్గేరా’ అంటూ భుజం మీద చెయ్యేస్తుంది. ఆ సాయంత్రం అతని పక్కన నిలబడే మనిషిని మన వైద్యవ్యవస్థ ఇంకా ఏర్పాటు చేయలేదు. మళ్లీ తాగితే మాత్రం ‘వాడింతే’ అని తేల్చేస్తాం.

ఊరే ఆ తోడు ఇవ్వగలదని తమిళనాడు ఎప్పుడో చూపించింది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 1989లో మంజక్కుడి అనే పల్లెకు వెళ్లి 15 రోజుల శిబిరం నడిపింది. వైద్యులు, కౌన్సెలర్లు చెన్నై నుంచి వచ్చారు. స్థానికులు అండగా నిలిచారు. ఇంటివాళ్లకూ కౌన్సెలింగ్ ఇచ్చారు, శిబిరం ముగిశాక కూడా బాగోగులు కనుక్కుంటూ వచ్చారు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇంటివాళ్లకు దక్కిన ఆ చోటే. ఏళ్ల తరబడి దెబ్బలు, అప్పులు భరించిన భార్యకు భర్త మానేసిన మర్నాడే నమ్మకం రాదు. ఆమెకూ వైద్యం కావాలి.

‘తన చేతులారా చెడినవాడికి ప్రజల సొమ్మెందుకు?’ అంటారు. బీపీ, షుగరు రోగుల్ని మనమలా నిలదీయం. పైగా అతను మానకపోతే తాగుడు ఖర్చు పిల్లల చదువులోంచి, ఇంటి బియ్యంలోంచి పోతూనే ఉంటుంది. నిషేధం చాలదా అన్నది మరో ప్రశ్న. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను 1995లో సంపూర్ణ నిషేధం దాకా తీసుకెళ్లింది, 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లుల ఆవేదన ముమ్మాటికీ న్యాయమైనదే. అయినా మందుకు అలవాటుపడిన ఒంటికి దుకాణం మూసినా, తెరిచినా చికిత్స, తోడు తప్పవు.

పరువు సంగతి వీటికన్నా బరువైనది. ఊళ్లో నలుగురి ముందు ఒప్పుకోవడం తేలిక కాదు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అందుకే ఇంటిపేరు అడగదు, ఫీజు తీసుకోదు. తాగి మానినవాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ కూటముల్లో వచ్చే దేవుడి ప్రస్తావన కొందరికి నచ్చకపోవచ్చు, అలాంటివాళ్లకు వేరే బృందాలు ఉండాలి. కానీ ఇలాంటి కూటములవైపు పద్ధతిగా నడిపించిన చికిత్సలో ఏడాది తర్వాత 42 శాతం మంది పూర్తిగా మానేసి ఉంటే, ఇతర చికిత్సల్లో అది 35 శాతమని వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష లెక్కగట్టింది. చిన్న తేడాలా కనిపిస్తుంది. వందకు ఏడు కుటుంబాలు! మన మండలాల్లో పంచాయతీ భవనమో, బడిలో ఒక గదో వారానికి ఒక సాయంత్రం దీనికి ఇవ్వొచ్చు. డిశ్చార్జి చీటీ మీద మందులతోపాటు ఆ గది చిరునామా, సమావేశం జరిగే రోజు, సహాయవాణి 14446 రాయాలి.