ఎన్ని గోల్కొండలు!

ఓరుగల్లు నుండి బయలుదేరి జనగామ, ఆలేరు, భువనగిరి దాటి హైదరాబాదు చేరిన యాత్రికునికి నగరపు పడమటి దిక్కున గోల్కొండ దుర్గం కనిపిస్తుంది. సుమారు 150 కిలోమీటర్ల ఈ దారి మన విద్యార్థులకు కొత్తది కాదు. కాని గోల్కొండకు పోయే దారి ఇదొక్కటే కాదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో విన్నెముక్కా పట్టణం నుండి రహదారి వెంట తూర్పుగా సుమారు 16 మైళ్ళు పోయినా గోల్కొండే వస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణ భాగాన ఒహాయో నది ఒడ్డుకు దిగినా మరొక గోల్కొండ ఎదురవుతుంది.

ఈ పేరు అంత దూరం ఎట్లు పోయినది? కాకతీయులు తమ రాజ్యానికి పడమటి కాపుగా తొలుత కట్టించిన ఈ కోటకు గొల్లల కొండ అన్న అర్థంలోనే పేరు వచ్చినదని ప్రతీతి. తరువాత 1518 నుండి 1687 వరకు కుతుబ్‌షాహీల ఏలుబడిలో వజ్రాల వ్యాపారానికి ఇది ఆటపట్టయినది. నిజానికి గోల్కొండలో వజ్రపు గని లేదు. గనులు కృష్ణాతీరాన కొల్లూరు, పరిటాల వంటి చోట్ల ఉండేవి. గోల్కొండ వాటికి అంగడి. సీమవర్తకులు అంగడి పేరునే గనికి అంటగట్టినారు. క్రమంగా ఆంగ్లభాషలో గోల్కొండ అంటే తరగని సంపదకు పర్యాయపదమయినది.

ఇల్లినాయ్‌లోని ఊరికి మొదట శారాస్‌విల్ అని పేరు. 1817లో దానిని గోల్కొండగా మార్చినారు. వజ్రాలు లేని ఆ ఊరికి ఉన్నది పడవల రేవు. నెవాడా గోల్కొండకు 1860ల చివర రైలుమార్గం వచ్చినది. 19వ శతాబ్ది ముగియు వేళకు అక్కడి రాగిఖనిజం మీద ఎంతో ధనం వెచ్చించి, లోహం కరిగించే కర్మాగారాన్ని కట్టి, చిన్న రైలుబాటను కూడ వేసినారు. ఆశించిన సిరి మాత్రం నిలువలేదు. నేడది దారిన పోయేవారు గుర్తించకనే దాటిపోగల కుగ్రామం.

పేరు సముద్రాలు దాటినది. ఆ పేరు వెనుకనున్న మనుషులు దాటలేదు. 17వ శతాబ్దిలో కొల్లూరు గనిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ దాదాపు 60,000 మంది పనిచేసేవారని వ్రాసినాడు. పురుషులు త్రవ్వితే స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారట. రాజుల కిరీటాలలో మెరిసిన రాళ్ళకు చరిత్రలున్నవి. ఆ మట్టి మోసిన బిడ్డలలో ఒక్కరి పేరైనా మనకు మిగులలేదు.

ఇల్లినాయ్ గోల్కొండ కూడ ఇటువంటి కథకే సాక్షి. 1838-39 శీతకాలంలో, పుట్టిన గడ్డ నుండి తరిమివేయబడిన చెరోకీ జాతివారు వేలాదిగా ఒహాయో నదిని దాటి ఆ రేవులో దిగినారు. మంచులో, ఆకలిలో, రోగాలలో వారు పడమటికి నడిచినారు. దారిలో ఎందరో నేలకొరిగినారు. జార్జియాలో వారి నేలలో బంగారం బయటపడటం వారిని వెళ్ళగొట్టుటకు ఒక కారణం. తమ మట్టిలోని సంపద వల్లనే ఇల్లు కోల్పోయినవారు, సంపదకు మారుపేరైన ఊరిలో అడుగు పెట్టవలసి వచ్చినది.

కొల్లూరు గనుల నేల ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. యాత్రకు పోయినా చూడదగినది నీరే. అందుచేత ఉపాధ్యాయుడు పటం మీద ఈ మూడు గోల్కొండలను చూపునప్పుడు, నాల్గవ చుక్కను కృష్ణ ఒడ్డున తానే పెట్టవలసి ఉంటుంది. వజ్రాలు దొరికినది అక్కడే. పేరు దక్కనిదీ ఆ చోటికే.