తాళం తప్పించే గడియారాలు

అరబిక్‌లో పనిచేసే హోమ్ కంప్యూటర్లను గల్ఫ్ ఇళ్లకు చేర్చిన ‘సఖర్’ కువైట్‌దే. 1982లో మహమ్మద్ అల్ షారిఖ్ అక్కడ పెట్టిన అల్ ఆలమియా కంపెనీ ఎంఎస్‌ఎక్స్ తరహా యంత్రాలను ఆ పేరుతో అమ్మింది. కొన్నింటిని యమహా తయారుచేసి ఇచ్చింది. అదే ఎంఎస్‌ఎక్స్ తరహాలో యమహా సీఎక్స్5ఎం అనే సంగీత కంప్యూటర్‌నూ తెచ్చింది. 1990లో ఇరాక్ దాడి తర్వాత సఖర్ కైరోకు తరలిపోయింది.

★ కువైట్ ‘సౌత్’ పాటలకు ఔద్ తీగవాద్యం, మిర్వాస్ డోలు ప్రాణం. కంప్యూటర్లూ వాయిద్యాలూ మాట్లాడుకునే మిడి భాషది మాత్రం పన్నెండు మెట్ల కీబోర్డు లెక్క. మన రాగం లాంటి బయాతీ మఖామ్‌లో రెండో స్వరం రెండు మెట్ల నడుమ పడుతుంది. పిచ్ బెండ్‌ను మామూలుగా ఉండే రెండు మెట్ల పరిధిలో 2,048 అంకెలు కదిపితే పావు స్వరం పలుకుతుంది. కాకపోతే ఆ ఛానల్లోని స్వరాలన్నీ కలిసి వంగుతాయి! మన గమకాలకూ ఇదే తంటా.

★ 1983 నాటి మిడి తీగ వేగం సెకనుకు 31,250 బిట్లే. పది వేళ్లూ ఒక్కసారే నొక్కినా పదో స్వరం ఆరు నుంచి తొమ్మిది మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అది చెవికి పెద్దగా తెలియదు. అసలు చిక్కు ఆలస్యం కాదు, నిలకడ లేని ఆలస్యం. లినక్స్‌లో శబ్దం, మిడి చూసే ఆల్సా సీక్వెన్సర్ ఏ టైమర్‌ను నమ్ముకుందో చూడండి. సెకనుకు 250 సార్లు కొట్టుకునే పాత సిస్టమ్ టైమరైతే ప్రతి దెబ్బ నాలుగు మిల్లీసెకన్ల దాకా అటూ ఇటూ జరుగుతుంది. హెచ్‌ఆర్ టైమర్ ఎంచుకుంటే ఆ బెడద పోతుంది.

★ పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్ అనే ఆడియో సర్వర్ దారే వేరు. స్వరం ఎన్నో శాంపిల్ దగ్గర పలకాలో దాని మిడి సందేశంతోపాటే రాసి ఉంటుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర ఒక శాంపిల్ అంటే మిల్లీసెకనులో 48వ వంతు. గాత్రం రికార్డు చేస్తూ ట్రాక్ కట్టేవాళ్లకు నా ఓటు జాక్ మిడికే. ఇప్పుడు పైప్‌వైర్ కూడా ఆ పని చేస్తుంది. కీబోర్డు తగిలించి సాధన చేసుకోవడానికైతే ఆల్సా చాలు.

★ 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. వేడికి సౌండ్ కార్డులోని గడియారంగా పనిచేసే క్వార్ట్జ్ స్ఫటికం నడక కూడా మారుతుంది. ఏసీ గదిలోనైనా రెండు కార్డులు సరిసమానంగా నడవవు. పది లక్షల్లో 50 పాళ్ల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు. అప్పుడు తబలా ఒకచోట, గాత్రం ఒకచోట.

★ ఇలాంటి ఆలస్యాలకు పగ్గం వేసే రియల్ టైమ్ మార్పులు ఇరవై ఏళ్లు బయటే తిరిగి, 2024లో లినక్స్ 6.12తో అసలు కెర్నెల్‌లో చేరాయి.

శుక్రవారం సెలవుకు కువైట్ గదుల్లో పాట కట్టే రాయచోటి, రాజంపేట కుర్రాళ్లూ! సౌండ్ కార్డు ఒక్కటే పెట్టుకోండి. రెండోది తప్పదంటే ఎస్‌పీడీఐఎఫ్ తీగతో మొదటిదాని గడియారానికి కట్టేయండి.